నీళ్ళ లోతా, పడవ ముక్కు ఎత్తా?

నంద్యాల, ఆళ్ళగడ్డ పక్క రైతుకు నీటిలో మునిగే మోటారు గురించి ఒకరు చెప్పక్కర్లేదు. బోరు గాలి పీలుస్తోందంటే, ‘ఇంకో రెండు పైపులు దించండి’ అంటాడు. 20 అడుగుల పైపుకు పైపు బిగిస్తూ, కేబులును పైపుకు కట్టుకుంటూ, నీళ్ళు ఎంత కిందికి పోతే మోటారునూ అంత కిందికి పంపుతాడు. ఈ లెక్క తలలో నాటుకుపోయిన మనిషి ఏ డల్లాస్‌లోనో స్థిరపడి, సెలవుల సరదాకి చేపల పడవ కొని, దాని ముందు బిగించే ట్రోలింగ్ మోటారు బేరం చేస్తున్నాడనుకోండి. ‘ఇక్కడి చెరువులు ఎంత లోతుంటాయి?’ అని అడగడం ఖాయం. ఆ ప్రశ్నతో ఈ మోటారుకు దాదాపు సంబంధమే లేదు. వెలుగోడు జలాశయంలో వాడినా, శ్రీశైలం వెనకజలాల్లో వాడినా, టెక్సస్ సరస్సులో వాడినా, ఆ పడవకు మోటారును నీళ్ళలోకి దించే షాఫ్టు పొడవు దాదాపు ఒక్కటే. నీటిమట్టం మీద పడవ ముక్కు ఎంత ఎత్తులో ఉందో అదే ఆ పొడవును తేలుస్తుంది.

ఇంత చిన్న యంత్రానికి వంశవృక్షం పెద్దదే. రష్యాలో మోరిట్జ్ యాకోబి 1838లో నేవా నది మీద కరెంటు మోటారుతో పడవ నడిపాడు. 1881లో గుస్తావ్ ట్రూవే పారిస్‌లో సేన్ నది మీద ఇంకో అడుగు వేశాడు. మోటారును చుక్కాని పైన కూర్చోబెట్టి, గొలుసుతో కింది రెక్కలను తిప్పాడు. చుక్కానితో పాటు మొత్తం ఊడదీసి పట్టుకుపోవచ్చు. పడవలకు తగిలించే మోటార్లన్నిటికీ అదే ముత్తాత. ఆ వరసలో పెట్రోలు ఇంజన్లు వచ్చి దాన్ని మరుగున పడేశాయి. అమెరికాలో ఉత్తర డకోటా రాష్ట్రంలోని ఫార్గో ఊళ్ళో ఓ.జి. ష్మిట్ 1934లో ఫోర్డ్ మోడల్-ఎ కారు స్టార్టర్ మోటారు తీసి, దానికి వంగే షాఫ్టు తగిలించి, చివర రెక్కలు పెట్టాడు. మిన్ కోటా కంపెనీ అలా పుట్టింది.

ష్మిట్ యంత్రంలో షాఫ్టు నిజంగానే తిరిగేది. ఇప్పటి ట్రోలింగ్ మోటారులో తిరగదు. మోటారే నీళ్ళలోకి దిగిపోయింది. షాఫ్టు అన్నది మనం పడవ మళ్ళించినప్పుడు పక్కలకు మళ్ళే బోలు గొట్టం. దాని లోపల తీగలు, కింది చివర తొడుగులో మోటారు, దాని వెనక రెక్కలు. బావుల కథ కూడా ఇదే దారిన నడిచింది. పైన మోటారు పెట్టి పొడవాటి షాఫ్టుతో లోతున పంపును తిప్పే రోజుల్లో అర్మైస్ అరుతునోవ్ మోటారునే కిందికి దించాడు. ఆయన రెడా పంపులు 1920ల చివర అమెరికా చమురు బావుల్లోకి దిగాయి. మన బోరు మోటారుకూ ఈ పడవ మోటారుకూ చుట్టరికం అక్కడ కలుస్తుంది. రెండూ నీటిలో ఉంటేనే చల్లగా ఉంటాయి, రెండింటికీ గాలి పనికిరాదు.

ఈ చుట్టాలిద్దరికీ తేడా వచ్చేది పొడవు దగ్గరే. బోరులో మోటారు నీళ్ళను వెతుక్కుంటూ పోవాలి. పడవకైతే నీళ్ళెప్పుడూ కిందే ఉన్నాయి, రెక్కల మీద అరడుగు నీరు నిలిస్తే చాలు. ఆ అరడుగు కూడా లేకపోతే రెక్కలు పైనుంచి గాలిని లాక్కుంటాయి. బుడబుడమని చప్పుడు, నురగ, బ్యాటరీ ఖర్చు, పడవ మాత్రం కదలదు. ఇంజన్ ఆపి చప్పుడు లేకుండా చేప దగ్గరికి జరగడానికి పెట్టుకున్న మోటారు తానే చేపను తరిమేస్తే ఇక దేనికి? గాలి రోజున ఇంకో చిక్కుంది. పడవ వెనక కన్నా ముక్కు ఎక్కువ ఎగిరి పడుతుంది. మోటారు బిగించేదేమో అక్కడే. అల మీదికి ముక్కు లేచినప్పుడల్లా రెక్కలు బయటపడతాయి.

అందుకని కొలత ఇలా తీయాలి. పడవను నీళ్ళలోకి దించి, బ్యాటరీలు, పెట్రోలు, మనుషులు అన్నీ ఎక్కాక, మోటారు కూర్చునే చోటి నుంచి నీటిమట్టం దాకా టేపు పట్టాలి. ట్రైలరు మీద ఉన్న పడవకు టేపు పెడితే నీటిమట్టం ఊహించుకోవలసిందే, ఊహ తప్పుతుంది. మనుషులు వెనక్కి వెళ్తే ముక్కు లేస్తుంది కనుక ఆ ఎత్తునే లెక్కలోకి తీసుకోవాలి. 18 అంగుళాలు వచ్చిందనుకోండి. వాడుకలో ఉన్న లెక్క ప్రకారం దానికి 20 కలిపితే 38. అలలున్న పెద్ద జలాశయమైతే ఇంకో 5 కలిపి 43. బజారులో 42, 45, 52 అని దొరుకుతాయి. 42 ‘దగ్గరగానే ఉంది కదా’ అని తీసుకోవద్దు. 45 తీసుకోండి, 52 అయినా తప్పు లేదు. పొడవు ఎక్కువైతే షాఫ్టు మీది కాలరును వదులు చేసి మోటారును పైకి లాక్కోవచ్చు. పొట్టిదాన్ని మాత్రం సాగదీయలేం. అలాగని 60 అంగుళాలది తెచ్చి తక్కువ ఎత్తు పడవకు తగిలిస్తే, మడిచి పడుకోబెట్టినప్పుడు సగం డెక్కు అదే ఆక్రమిస్తుంది.

లోతు అసలే అక్కర్లేదనడం కూడా అతిశయోక్తి. నంద్యాల జిల్లా సంగమేశ్వరం దగ్గర ఎండాకాలం శ్రీశైలం నీళ్ళు వెనక్కి తగ్గి గుడి బయటపడుతుంది. అలాంటి సమయంలో ఒడ్డు పక్క రాళ్ళ మీదుగా వెళ్తే పొడవాటి మోటారు కింది చివర వాటికి కొట్టుకోక తప్పదు. లోతు లెక్కకు రావలసింది అక్కడ, అదీ కొనేటప్పుడు కాదు, నడిపేటప్పుడు. లోతుకే పెద్దపీట వేయాల్సిన పడవ ప్రయాణం ఈ ప్రాంతానికి వేరే ఒకటుండేది. 1860లలో మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ తవ్వించిన కర్నూలు-కడప కాలువ సాగుకే కాదు, సరుకు పడవల కోసం కూడా. అక్కడ నీళ్ళు తగ్గితే పడవ నేలకు ఆనుకుంటుంది. కంపెనీకి గిట్టుబాటు కాక 1882లో కాలువ ప్రభుత్వం చేతికి వచ్చింది.

మన జాలర్ల పుట్టికి ఈ మోటారు పెట్టవచ్చా అంటే, గుండ్రటి పుట్టికి ముక్కే లేదు. ఎక్కడ తగిలించినా ముందుకు పోకముందే గిర్రున తిరుగుతుంది. అంచు తక్కువ ఎత్తున్న చిన్న ఫైబరు పడవైతే నయం. దానికి వెనక చెక్కకు బిగించే రకం చాలు, షాఫ్టు 30 లేదా 36 అంగుళాలు. వలలున్న నీటిలో తిప్పేవాళ్ళు మాత్రం అప్పుడప్పుడు నట్టు విప్పి, రెక్కలు ఊడదీసి చూడాలి. తెగిపోయిన నైలాను దారం ఇరుసుకు చుట్టుకొని, నీళ్ళు చొరకుండా ఆపే సీలును కోస్తుంది. లోపలికి నీరు చేరితే, షాఫ్టు ఎంత పొడవున్నా మోటారు కాలిపోతుంది.