సంపు గోడను మట్టి ఎంత నెడుతుంది?

బదిలీ మీద నవాగామ్ వచ్చినా మనకు నల్లరేగడి కొత్త కాదు. సూరత్ చుట్టూ అదే నేల. అందులో కట్టిన నీళ్ల సంపు గోడపై ఎంత ఒత్తిడి పడుతుందో లెక్కిద్దాం.

ఘనమీటరు మట్టి సుమారు 1800 కిలోలు. 3 మీటర్ల లోతున చదరపు మీటరుపై 5400 కిలోల బరువుంటుంది. కదలని గోడను పక్కనుంచి నెట్టేది అందులో దాదాపు సగం, 2700. ఇది ఇసుక నేల లెక్క. రేగడి తడిస్తే ఉబ్బి ఇంకా నెడుతుంది.

2006 ఆగస్టులో తాపీ వరద వచ్చినట్టు నేలంతా నీరు నిండితే? నీట మునిగిన మట్టి 800 కిలోలే తూగుతుంది, కనుక దాని నెట్టుడు 1200. కానీ నీరు సగంతో ఊరుకోదు, పూర్తిగా 3000 నెడుతుంది. మొత్తం 4200!

సంపులో నీళ్లుంటే లోపలినుంచి ఎదురు నెడతాయి. వరద తగ్గగానే కడగాలని మొత్తం తోడేస్తే ఆ ఆసరా పోతుంది. గోడ పగలవచ్చు, తేలికైన సంపయితే పడవలా పైకి లేవవచ్చు. అందుకే ఇంజనీర్లు ఖాళీ సంపు, తడినేల అనుకునే గోడ మందం నిర్ణయిస్తారు.