మీకు తెలుసా? నవ్వించినవాళ్లు నవ్వలేదు!

‘గుండమ్మ కథ’ చూశారు కదా? టీవీలో వచ్చిన ప్రతిసారీ చూశారు కదా? మరి ఈ సంగతి తెలుసా? గయ్యాళి గుండమ్మగా సూర్యకాంతం. ఆ ఇంట్లో పనివాడిగా చేరిన అంజిగాడు ఎన్టీఆర్. తెరమీద చూస్తే అచ్చం అత్తా అల్లుళ్లే! ఇప్పుడు అసలు లెక్క చూడండి. ఎన్టీఆర్ పుట్టింది 1923లో. సూర్యకాంతం పుట్టింది 1924లో. అత్తగారికన్నా అల్లుడే పెద్ద!

ఇంకోటి వినండి. అది ఎన్టీఆర్‌కు 100వ సినిమా! నూరో సినిమా అంటే ఏ హీరో అయినా ఏం కోరుకుంటాడు? కిరీటం, కత్తి, గుర్రం! ఈయన మాత్రం నిక్కరు తొడుక్కుని రుబ్బురోలు ముందు కూర్చున్నాడు. పిండి రుబ్బాడు! పక్కన అక్కినేని కూడా ఉన్నాడు. ఇద్దరు అగ్రహీరోలున్న సినిమాకు పేరు మాత్రం గయ్యాళి అత్తది! ఆ రోజుల్లో అంత ధైర్యం చేసిన నిర్మాతలు విజయా వారికి దండం పెట్టాలి.

సూర్యకాంతాన్ని చూస్తే నవ్వెందుకు వస్తుందో ఎప్పుడైనా గమనించారా? ఆవిడ జోకు వెయ్యదు! నిజంగానే మండిపడుతుంది. ఎడమచెయ్యి గాల్లో తిప్పుతూ ఇల్లు పీకి పందిరేస్తుంది. ఆవిడ కోపం ఆవిడకు నిజం. నవ్వు మనకు! 1962లో జనం నవ్విందీ అందుకే, ఇవాళ మనం నవ్వేదీ అందుకే. నవ్వించేవాడు నవ్వకూడదు. మన హాస్య చిత్రాల గుట్టంతా ఇదే! కాస్త దగ్గరికి జరగండి, ఇంకా ఉన్నాయి.

‘మాయాబజార్’ పాండవుల ఇంటి పెళ్లి కథ. అవునా? మరి అందులో పాండవులెక్కడ? ధర్మరాజు లేడు. భీముడు లేడు. పెళ్లికొడుకు తండ్రి అర్జునుడే లేడు! ఐదుగురు అన్నదమ్ముల్లో ఒక్కరంటే ఒక్కరూ తెరమీద కనిపించరు. ఇన్నేళ్లుగా చూస్తున్నాం. ఆ లోటు మనకు తెలిసిందా? లేదు! దర్శకుడు కె.వి.రెడ్డి చేసిన అసలు మాయ అదీ!

ఇప్పుడు సావిత్రి సంగతి. ఇది మాత్రం కొంచెం తీరిగ్గా చెప్పాలి. పెళ్లికూతురు శశిరేఖ రూపంలో ఉన్నది ఘటోత్కచుడు. అంటే సావిత్రి ఏం చెయ్యాలి? సావిత్రిలా కనిపిస్తూ ఎస్వీ రంగారావులా ఉండాలి! ఈసారి జాగ్రత్తగా చూడండి. ముందు ఒయ్యారంగా నడుస్తుంది. అంతలో భుజాలు లేస్తాయి. ఛాతీ విరుచుకుంటుంది. అడుగు బరువెక్కుతుంది. కళ్లు ఉరుముతాయి. ఎవరో వచ్చిన అలికిడి! టక్కున మళ్లీ సిగ్గులమొలక! మేకప్ మారలేదు. చీర మారలేదు. మారింది భుజాలూ చూపూ నడకా, అంతే! ఇక పెళ్లిపీటల మీద లక్ష్మణకుమారుడి కాలు తొక్కుతుంది చూడండి, రేలంగి మొహంలో ఆ విలవిల! గ్రాఫిక్స్ అన్న మాటే లేని 1957లో ఒక ఆడపిల్ల ఒంట్లో ఒక రాక్షసుణ్ణి చూపించేశారు. నన్నడిగితే తెలుగు తెరమీద ఇంతకు మించిన హాస్యనటన లేదు!

అదే సినిమాలో ఘటోత్కచుడు కృష్ణుడికి వరసకు మేనల్లుడు. ఎస్వీ రంగారావు పుట్టింది 1918లో. కృష్ణుడు వేసిన ఎన్టీఆర్ కన్నా మేనల్లుడు 5 ఏళ్లు పెద్ద! ‘గుండమ్మ కథ’కొచ్చేసరికి అదే రంగారావు అదే ఎన్టీఆర్‌కు నాన్న!

‘మాయాబజార్’ ఒక్కదాని పాటలు ఎన్ని సినిమాలకు పేర్లయ్యాయో తెలుసా? ‘అహ నా పెళ్ళంట’, ‘వివాహ భోజనంబు’, ‘చూపులు కలసిన శుభవేళ’. మూడూ ‘మాయాబజార్’ పాటలే. మూడూ జంధ్యాల తీసిన సినిమాలే! 2002లో వై.వి.ఎస్.చౌదరి తీసిన ‘లాహిరి లాహిరి లాహిరిలో’ కూడా కలుపుకోండి.

‘అహ నా పెళ్ళంట’ అనగానే ఏం గుర్తొస్తుంది? కోడి! పిసినారి లక్ష్మీపతిగా కోట శ్రీనివాసరావు కంచంలో ఉత్తన్నం పెట్టుకుంటాడు. ఎదురుగా కోడిని వేలాడదీస్తాడు. దాన్ని చూస్తాడు, ముద్ద మింగుతాడు. మళ్లీ చూస్తాడు, మళ్లీ మింగుతాడు. ఆ మొహంలో ఎంత తృప్తో! నిజంగా కోడికూర తిన్న మనిషికి కూడా అంత తృప్తి ఉండదు. ఎక్కడా నవ్వడు, వెకిలి చెయ్యడు. పైసా ఖర్చు లేకుండా విందు చేసుకున్నానని మనసారా నమ్మేస్తాడు. అందుకే మనం పొట్ట పట్టుకుంటాం! ఇంకా విచిత్రం ఏంటంటే, 1987లో ఇంత గొప్ప పిసినారిని చూపించిన కోట, సినిమాల్లోకి రాకముందు బ్యాంకు ఉద్యోగి. డబ్బు లెక్కలు చూసిన మనిషే!

ఆ పిసినారి దగ్గర పనివాడు అరగుండు. బ్రహ్మానందం! అప్పటికి ఆయనెవరో చాలామందికి తెలియదు. అత్తిలి కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకునే లెక్చరర్! ఇప్పుడు? 1000కి పైగా సినిమాలు. గిన్నిస్ రికార్డు. పద్మశ్రీ! పద్యం చెప్పిన గొంతు కదా, తిట్టు పడినా మూలుగు వచ్చినా ప్రతి అక్షరం స్పష్టంగా వినబడుతుంది.

ఎం.ఎస్.నారాయణ కూడా లెక్చరరే! ఆయన కూడా తెలుగే! ఆయన కూడా పశ్చిమగోదావరిలోనే, భీమవరంలో! 1997లో ‘మా నాన్నకు పెళ్లి’లో తాగుబోతుగా తూలితే థియేటర్లు ఊగిపోయాయి. ఒకే జిల్లా, ఒకే సబ్జెక్టు, ఇద్దరు నవ్వుల మాస్టార్లు!

ఇంతమందిని నవ్వించిన బ్రహ్మానందం 2023లో ‘రంగమార్తాండ’లో ఏడిపించేశాడు. చూడకపోతే వెంటనే చూడండి!

ఇప్పుడు ఈ ప్రశ్నకు జవాబు చెప్పండి. ‘శంకరాభరణం’ మాటలు రాసిందెవరు? సంగీతం, సంప్రదాయం, కన్నీళ్లు... ఎవరో గంభీరమైన పండితుడు అనుకుంటున్నారా? జంధ్యాల! అవును, మన హాస్యబ్రహ్మే! ఆ సినిమా వచ్చింది 1980లో. ఆ మరుసటి ఏడాదే ‘ముద్దమందారం’తో దర్శకుడయ్యాడు. అంతకుముందు ‘అడవిరాముడు’కూ మాటలు రాశాడు. ఒక్క కలానికి అన్ని రసాలా!

ఒక పాత్ర ఇంటిపేరునే మార్చేస్తుందా? మార్చేసింది! 1982లో జంధ్యాల ‘నాలుగు స్తంభాలాట’ తీశాడు. అందులో వీరభద్రరావు ఎదుటివాడికి ఊపిరాడనివ్వకుండా సుత్తి వేస్తాడు. వేలు ఆ దెబ్బలన్నీ తింటాడు. అంతే! ఇద్దరూ సుత్తి వీరభద్రరావు, సుత్తి వేలు అయిపోయారు. ఆ వీరభద్రరావు విజయవాడ రేడియోలో పనిచేసిన మనిషి. మొహం కనబడని చోట గొంతుతోనే మనిషిని నిలబెట్టే విద్య అది!

‘శ్రీవారి ప్రేమలేఖ’లో శ్రీలక్ష్మి సినిమా కథ చెబుతుంది. ఎక్కడి నుంచి మొదలుపెడుతుంది? పేర్లు పడే దగ్గర్నుంచి! కథ ఎంతకీ మొదలవదు. వినేవాడి ప్రాణం పోతుంది. ఆవిడ మాత్రం తెర తన కళ్లముందే ఉన్నట్టు మైమరచిపోతుంది. 1984లో ఉషాకిరణ్ మూవీస్ వారు తీసిన మొట్టమొదటి సినిమా ఇదే. దీనికి మూలం పొత్తూరి విజయలక్ష్మి నవల!

దేవదాసు డిటెక్టివ్ అయితే? అయ్యాడు! 1953లో ఊరూరా జనాన్ని ఏడిపించిన అక్కినేని రెండేళ్లకే ‘మిస్సమ్మ’లో కామెడీ డిటెక్టివ్! మరో 31 ఏళ్లకు చిరంజీవి వంతు. ‘ఖైదీ’తో మాస్ హీరో అయ్యాక ‘చంటబ్బాయ్’లో డిటెక్టివ్ పాండురంగారావు! ఒక పాటలో చార్లీ చాప్లిన్‌లా కూడా నడిచాడు. వీళ్లిద్దరిలో నవ్వొచ్చేది ఎక్కడో తెలుసా? తామే ప్రపంచంలోకెల్లా గొప్ప డిటెక్టివ్‌లమని ఇద్దరూ మనస్ఫూర్తిగా నమ్ముతారు!

‘మిస్సమ్మ’లో ఇంకో రహస్యం కూడా ఉంది. మిస్సమ్మ వేషానికి ముందు తీసుకున్నది సావిత్రిని కాదు, భానుమతిని! ఆవిడ తప్పుకుంది. రెండో హీరోయిన్‌గా ఉన్న సావిత్రి మిస్సమ్మ అయింది. సావిత్రి వదిలిన వేషం జమునకు దక్కింది. 1955లో ఒక్క కుర్చీ ఖాళీ అయితే ఇద్దరి జాతకాలు మారాయి!

పుట్టుమచ్చ ఎన్ని నవ్వులు పూయిస్తుందో! ‘మిస్సమ్మ’లో తప్పిపోయిన పిల్ల కాలిమీద పుట్టుమచ్చ. డిటెక్టివ్ తంటాలన్నీ దానికోసమే! 1986లో వంశీ తీసిన ‘లేడీస్ టైలర్’లోనూ పుట్టుమచ్చే. తొడమీద! దానికోసం రాజేంద్రప్రసాద్ ఊరంతా వెతుకుతాడు. ఈ రాజేంద్రప్రసాద్ చదివింది సిరామిక్ ఇంజినీరింగ్!

యముణ్ణి చూసి నవ్వే ధైర్యం మనకే ఉంది! 1960లో ‘దేవాంతకుడు’లో ఎస్వీ రంగారావు యముడు. తర్వాత ఆ గద కైకాల సత్యనారాయణ చేతికి వచ్చింది. ‘యమగోల’లో ఆయనే, ‘యముడికి మొగుడు’లో ఆయనే, ‘యమలీల’లోనూ ఆయనే! 1977 నుంచి 1994 దాకా 17 ఏళ్లు! ‘యమలీల’లో భూలోకానికి దిగి చిత్రగుప్తుడితో కలిసి ఐస్‌క్రీములు తింటాడు. తల మీద కిరీటం, నాలుక మీద చల్లదనం. ఆ గాంభీర్యం మాత్రం ఇంచు కూడా తగ్గదు! చిన్నపిల్లాడిలా ముచ్చటపడే యముణ్ణి చూసి చావుభయం ఎగిరిపోదూ?

ఇంతసేపూ మాటల గొప్ప చెప్పుకున్నాం. మరి ఒక్క మాట కూడా లేకుండా నవ్వించగలరా? సింగీతం శ్రీనివాసరావు నవ్వించాడు! 1987లో ‘పుష్పక విమానం’. రెండు గంటల సినిమా. డైలాగులు 0! నిరుద్యోగి కమల్‌హాసన్ పెద్ద హోటల్లో మెత్తటి పరుపెక్కుతాడు. నిద్ర పట్టదు! ఎందుకు? నిశ్శబ్దం ఎక్కువైంది! పాత గది పక్కనే సినిమా హాలు, ఆ గోలకు అలవాటుపడ్డ ప్రాణం మరి. వెళ్లి ఆ రొదంతా టేపులో రికార్డు చేసి తెచ్చుకుంటాడు. అది మోగితే హాయిగా నిద్ర! ఇంకో పక్క హంతకుడి చేతిలో మంచుతో చేసిన కత్తి. పొడిచేలోపే కరిగిపోతుంది! పాపం, వాడి కంగారు వాడిది!

మరి ‘నువ్వు నాకు నచ్చావ్’ మాటలు రాసిన త్రివిక్రమ్ ఏం చదివాడో ఊహించండి. న్యూక్లియర్ ఫిజిక్స్! ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బంగారు పతకం! 2001లో ఆ సినిమా చూసి నవ్వినవాళ్లలో ఎంతమందికి తెలుసు, అణువిజ్ఞాని చేతిలో నవ్వుతున్నామని!

‘పెళ్ళి చూపులు’ చిన్న సినిమానే. కానీ 2016 సంవత్సరానికి 2 జాతీయ అవార్డులు కొట్టేసింది. ఒకటి ఉత్తమ తెలుగు చిత్రం, ఇంకోటి మాటలు రాసిన తరుణ్ భాస్కర్‌కు!

‘జాతిరత్నాలు’లో జోగిపేట ఉత్తుత్తి ఊరనుకున్నారా? కాదు! సంగారెడ్డి జిల్లాలో నిజంగా ఉంది. 2021లో ఆ సినిమాలోని ముగ్గురు కుర్రాళ్లు దాని పేరు దేశాలు దాటించేశారు. డల్లాస్‌లో ఉన్న తెలుగువాళ్లకూ ఇప్పుడు జోగిపేట తెలుసు!

తెర వెనక జీవితాలు ఇంకా ఆశ్చర్యం! అల్లు రామలింగయ్య హోమియో వైద్యం చేసేవాడు. మాత్రలిచ్చి జబ్బులు తగ్గించేవాడు! రాజమహేంద్రవరం వెళ్తే ప్రభుత్వ హోమియో వైద్య కళాశాల బోర్డు చూడండి. దానిమీద ఉన్నది ఆయన పేరే! 1990లో పద్మశ్రీ వచ్చిన ఈ నటుడి పేరు మీద రేపటి డాక్టర్లు చదువుకుంటున్నారు!

బక్కపలచని రమణారెడ్డికి ఇంద్రజాలం వచ్చు. పేకముక్కలు మాయం చేసేవాడు! ఆయన జోడీ రేలంగికి 1970లోనే పద్మశ్రీ. తాడేపల్లిగూడెంలో సొంత సినిమా హాలు కూడా కట్టించాడు!

పద్మనాభాన్ని తలుచుకుంటే నవ్వొస్తుంది కదా? తర్వాత చేతులెత్తి మొక్కాలి కూడా! హాస్యనటుడిగా సంపాదించిన డబ్బు పెట్టి సినిమా తీశాడు. పేరు ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’. అందులో పాట పాడటానికి ఒక కొత్త కుర్రాణ్ణి తీసుకొచ్చారు సంగీత దర్శకుడు కోదండపాణి. ఇంజినీరింగ్ చదువుతున్న కుర్రాడు. సినిమా అనుభవం సున్నా. అయినా సరేనన్నాడు పద్మనాభం! 1967లో సినిమా విడుదలైంది. ఆ కుర్రాడి పేరు ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం!