చేతులపై దేహమును నిలుపు విద్య



ఈ సాయంకాలము నేను ముచ్చటింపదలచిన విషయము వృద్ధుల సభకు తగనిదిగా మీకు తోచవచ్చును. రెండరచేతులు మాత్రము నేలకానించి, మోచేతులు వంపక, కాళ్ళు వెనుకకు చాచి, దేహమంతయు నేలకు సమాంతరముగా గాలిలో నిలుపు వ్యాయామ మొకటి కలదు. దానిని పాశ్చాత్యులు ప్లాంష్ అందురు. ఫ్రెంచి భాషలో ఆ మాటకు చెక్కపలక యని యర్థము. మన పల్లెల పిల్లలు నేడు ఫోనులలో దానిని చూచి రచ్చబండలమీద ప్రయత్నించుచున్నారు. వారిని మందలించినను, ప్రోత్సహించినను ఆ పని మనదే కనుక, అందలి కీలకము మనమెరుగుట మేలు.

నా తప్పు మొదట చెప్పెదను. పదునేడేండ్ల మా మనుమడు, "తాతయ్యా, ఇది నేర్చుకోవచ్చునా?" అని నన్నడిగెను. స్వాత్మారాముని హఠయోగప్రదీపికలో మయూరాసనము వర్ణింపబడియున్నది. అది జఠరాగ్నిని రగుల్చుననియు, కాలకూటమునైన జీర్ణింపజేయుననియు ఆ గ్రంథము ప్రశంసించును. కాలకూటము మాట నేను స్తుతిగానే గ్రహింతును. "మయూరాసనము వచ్చినవానికి ఇదియు వచ్చును, నిత్యమభ్యసింపుము" అని పాండిత్యగర్వముతో పలికితిని. నెల తిరుగకమునుపే వాని మణికట్టు వాచెను. మోచేతి మడతలో నొప్పి పుట్టి నీళ్ళచెంబు నెత్తలేకపోయెను.

రెండును చూపునకు సోదరులు, పనిలో కారు. మయూరాసనమున మోచేతులు వంగి నాభికిరుప్రక్కల నానుకొనును. దేహము వానిపై త్రాసుకోలవలె నిలుచును. అక్కడ ముఖ్యముగా కావలసినవి తూకము, కడుపు బిగువు. ప్లాంష్‌లో కడుపునకు ఆధారము లేదు. చేతులు తిన్నగా నుండవలెను. దేహభారకేంద్రము అరచేతులమీదికి రావలెను. అందుచేత భుజములు మణికట్టులను దాటి ముందునకు వాలును. అట్లు వాలిన దేహమును పడనీయక పట్టునవి భుజముల ముందరి కండలు. మోచేతి మడతలోని స్నాయువు బిగిసిన త్రాటివలె సాగును. మనుమనికి నొప్పి కలిగినదచ్చటనే.

మీలో పలువురు చిన్ననాడు ఏతము త్రొక్కుట చూచియుందురు. మానుపై మనిషి బావివైపు నడచిన బాన దిగును, వెనుకకు నడచిన పైకి లేచును. మనిషి బరువు మారలేదు. ఇరుసునుండి దూరము మారినది. కాళ్ళు రెండును కలిసి దేహభారమున సుమారు మూడవవంతు. వానిని చాచిన భుజములపై భారము పెరుగును, ముడిచిన తగ్గును. ఈ విద్యలోని సోపానములన్నియు ఈ ఒక్క సూత్రముననుసరించి ఏర్పడినవే.

మొదటి సోపానమును తేలికయని దాటువారే దెబ్బ తిందురు. కాలివ్రేళ్ళు నేలనుండగనే, మోచేతులు తిన్నగా నుంచి, వెన్ను పైభాగమును కొంచెము గుండ్రముగా పైకి నెట్టి, భుజములను అంగుళమంగుళముగా ముందునకు వాల్పవలెను. పది లెక్కించునంతసేపు నిలిచి విశ్రమించి, నాలుగైదు మారులు చేసిన చాలును. ఇందు నిలుకడ వచ్చినపిదప మోకాళ్ళు రొమ్మునకు ముడిచి పాదములు లేపుట, తరువాత వెన్ను చదునుచేయుట, ఆపై కాళ్ళు ఎడముగా చాచుట, తుదకు జోడించుట. తుది మెట్టునకు పలువురికి ఏండ్లు పట్టును. కాళ్ళు పొడుగైనవారికి మరింత.

"మా కాలమున నూరు దండీలు తీసితిమి, అవి చాలవా?" యని మీరడుగవచ్చును. దండీలు మంచివే. కాని అందు మోచేయి వంగి లేచుచుండును. కదలక నిలుచు బలము, ఏ వంపులో సాధించినామో ఆ వంపులోనే ముఖ్యముగా పెరుగును. ఒలింపిక్ పందెములలో కడియములపై ఇట్టి నిలుకడను రెండు సెకనులు చూపిన లెక్కకు వచ్చును; ఆ రెండు సెకనుల వెనుక బాల్యమునుండి చేసిన సాధన యుండును.

ఇంకొకటి. కండ కొలది వారములలోనే బలియును. కండను ఎముకకు బంధించు స్నాయువునకు రక్తప్రసారము తక్కువ కనుక, అది నెలల తరబడి మెల్లగా గట్టిపడును. కండ "నేను సిద్ధము" అనునప్పటికి స్నాయువు సిద్ధము కాదు. కాబట్టి నిత్యాభ్యాసమన్న నా మాట తప్పు. వారమునకు మూడుదినములు, నడుమ ఒక్కొక్కదినము విశ్రాంతి చాలును. ముందుగా మణికట్టులను త్రిప్పి వేడెక్కింపవలెను. అరచేయి వెనుకకు మడచుట బాధించినచో, కదలని రెండు పొట్టి కొయ్యపిడులను పట్టుకొనవచ్చును. కండ అలసట వేరు, కీలునొద్ద సూదిపోటు వేరు. రెండవది కనబడిన క్షణముననే మానిపింపుడు. ఇక మనవంటి వృద్ధులును, రక్తపుపోటు గలవారును, హెర్నియా గలవారును చూచి సంతోషింతుము గాక!

మా మనుమడు రెండునెలలు విశ్రమించి, మరల మొదటి మెట్టునుండియే ఆరంభించెను. ఇప్పుడు మోకాళ్ళు ముడుచుకొని పండ్రెండు లెక్కించువరకు నిలుచుచున్నాడు. లెక్క పెట్టువాడను నేనే. నా లెక్క మిక్కిలి నెమ్మదియని వాడు నాయనమ్మతో మొర పెట్టుకొనుచున్నాడు.