గొంతులోని గ్రంథి: సహజమైన మందా, కృత్రిమమైన మందా?



వరంగల్, హనుమకొండ పట్టణములలో నేడు పెక్కు యిండ్ల వంటయింటి గూటిలో, ఉప్పుడబ్బా ప్రక్కన, ఒక చిన్న మాత్రల సీసా కానవచ్చుచున్నది. తెల్లవారగనే ఇల్లాలు దానినుండి ఒక మాత్ర తీసి నీటితో మ్రింగును. అది చూచి పొరుగింటి వదినగారు, “ఎన్నేండ్లు మ్రింగెదవమ్మా ఈ మందు? ఇది కార్ఖానాలో చేసిన కృత్రిమ వస్తువట. జంతువునుండి తీసిన సహజమైన మందు వేఱొకటి కలదట. అది మేలు కాదా?” అని యడుగును. ఈ ప్రశ్న తప్పుగాదు. కాని దానికి సరియైన సమాధానము తెలియక, విసిగి మాత్ర మానివేసిన స్త్రీకి కీడు కలుగును. కావున ఈ విషయమును కొంచెము విచారింతము.

కంఠమున, శ్వాసనాళమునకు ముందు, సీతాకోకచిలుక ఆకారమున నొక గ్రంథి గలదు. దీనినే థైరాయిడ్ అందురు. దీనిలో పుట్టు రసము రక్తమున గలిసి, దేహమున వేడిని, గుండె వేగమును, జీర్ణమును, బుద్ధి చురుకుదనమును నడపుచుండును. ఈ రసము తగ్గినచో ఒడలు బరువెక్కును, చలికి తాళలేము, జుట్టు రాలును, మలబద్ధము, ముట్టులో తేడాలు, నీరసము కలుగును. ఇంటివారు దీనిని సోమరితనమని నిందింతురు. అది సోమరితనము గాదు, రోగము. పురుషులకంటె స్త్రీలకే ఇది హెచ్చుగా వచ్చును.

పూర్వము దీనికి మందు లేదు. 1891లో ఇంగ్లండునందు జార్జి ముర్రే అను వైద్యుడు గొఱ్ఱె గ్రంథినుండి తీసిన రసమును 46 ఏండ్ల స్త్రీకి సూదిమూలమున నెక్కించెను. ఆమె కోలుకొని, పిమ్మట ఆ మందును నోటితో పుచ్చుకొనుచు మఱి 28 సంవత్సరములు జీవించెను. ఆమె యొక్కతె నిమిత్తమే 870కి పైబడిన గొఱ్ఱెల గ్రంథులు కావలసివచ్చెను! తరువాత పందుల, పశువుల గ్రంథులను ఎండించి పొడిచేసి మాత్రలు కట్టిరి. నేడు సహజమని పిలువబడునది ముఖ్యముగా ఆ పందిగ్రంథుల పొడియే. ఇది శాకాహారులును, ముస్లిము సోదరీమణులును ముందుగా నెఱుగవలసిన సంగతి.

1914లో అమెరికా దేశస్థుడగు కెండాల్ ఈ గ్రంథిలోని సారమును స్ఫటికరూపమున వేఱుచేసెను. దానికి థైరాక్సిన్ అని పేరు. 1927లో హారింగ్టన్, బార్జర్ అనువారు దానిని రసాయనశాలలో తయారుచేసిరి. నేటి మన మాత్రలోనిది ఆ పదార్థమే. ఇచ్చట ఒక విశేషము గమనింపుడు. కార్ఖానాలో పుట్టినను, దీని అణువు మన గ్రంథి తయారుచేయు టి-4 అణువునకు సరిగా సమానము. దేహమునకు దీనికిని దానికిని భేదము తెలియదు.

మఱి పందిగ్రంథి మాటయేమి? మానవ గ్రంథి టి-4 అను రసమును సుమారు 14 పాళ్లు, టి-3 అను తీవ్రమైన రసమును ఒక పాలు విడుచును. పందిగ్రంథిలో 4 పాళ్లకే ఒక పాలు టి-3 యుండును. ఆ మాత్ర మ్రింగిన కొన్ని గంటలలో రక్తమున టి-3 పెరిగి, గుండెదడ కలుగవచ్చును. టి-4 అట్లుగాదు, దానిలో సగము తఱుగుటకు సుమారు 7 దినములు పట్టును. దేహము తనకు వలసినంత టి-3ని దానినుండియే చేసికొనునని 1970లో తేలినది. పందికి సహజమైనది మనకు సహజమగునా యని మీరే యోచింపుడు.

అయినను న్యాయముగా రెండవ పక్షమును జెప్పవలెను. 2013లో ప్రకటింపబడిన యొక పరీక్షలో 70 మంది రోగులకు రెండు మందులను మార్చి మార్చి యిచ్చిరి. వ్యాధిలక్షణములలో తేడా కానరాలేదు. కాని ఇంచుమించు సగముమంది పందిగ్రంథి మాత్రనే మెచ్చుకొనిరి. రక్తపరీక్ష సరిగానున్నను నలత తీఱనివారు కొందఱు గలరు. వారి మాటను త్రోసివేయరాదు. వారు వైద్యునితో విచారించి, రక్తహీనత మొదలగు ఇతర కారణములను వెదకింపవలెను. అట్టి కొందఱికి వైద్యులు టి-3ని కొద్దిగా చేర్చి చూచుటయు గలదు. అది తమంతట చేసికొనదగిన పని గాదు.

గర్భిణీస్త్రీల విషయమున మాత్రము సందేహమునకు తావులేదు. మొదటి నెలలలో గర్భస్థశిశువు తల్లి టి-4 మీదనే ఆధారపడి మెదడు పెంచుకొనును. పందిగ్రంథి మందు ఆ సమయమున తగదు. గర్భము తెలిసిన వెంటనే వైద్యుని జూడవలెను. మోతాదు సాధారణముగా నాల్గవవంతు హెచ్చింపవలసియుండును. ఆ దినములలో మాత్ర మానుట బిడ్డకు ద్రోహము.

“ఉప్పు మార్చిన చాలదా?” అని కొందఱడుగుదురు. 1921లో శ్రీకాకుళమున జన్మించిన డాక్టరు వులిమిరి రామలింగస్వామిగారు 1956 మొదలుకొని కాంగ్రా లోయలో చేసిన పరిశోధనమువలన, అయొడిన్ కలిపిన ఉప్పు గలగండమును తగ్గించునని రూఢియైనది. ఆ ఉప్పునే వాడుడు. కాని దేహము తన గ్రంథిని తానే నాశము చేసికొనినచో ఉప్పుగాని, మూలికలుగాని లోపించిన రసమును నింపజాలవు.

మాత్రను పరగడుపున నీటితో మ్రింగి, అరగంటకు తక్కువగాకుండ ఆగి టీ త్రాగుడు. ఇనుము, కాల్షియము మాత్రలకు 4 గంటల యెడముంచుడు. మోతాదు మార్చిన 6 మొదలు 8 వారములకు టి.ఎస్.హెచ్. పరీక్ష చేయింపుడు. బరువు తగ్గవలెనని ఎక్కువ మ్రింగరాదు. గుండె లయ తప్పును, ఎముకలు గుల్లయగును. సీసాను పొయ్యివేడికి, తడికి దూరముగా నుంచుడు. మేడారము జాతరకు పోవునపుడు గూడ దానిని మూటలో మఱువకుడు.

ఇక పొరుగింటి వదినగారు మరల అడిగినచో, “వదినా! ఇది నా గొంతులో లేనిదానిని తిరిగి తెచ్చుచున్నది” అని నవ్వుచు చెప్పుడు. ఆమెయే అలసటతో బాధపడుచున్నచో, ఆమెను గూడ వెంటబెట్టుకొని పోయి రక్తపరీక్ష చేయింపుడు.