ఒక నొక్కుకి ఒక తూటా

మా నర్సీపట్నం కుర్రాళ్లకి పిస్టల్ అంటే పూరి జగన్నాథ్ సినిమా. మా వైపు మనిషే కదా, 2006 నాటి ‘పోకిరి’ ఇప్పుడు టీవీలో వచ్చినా లేవకుండా చూస్తాం. కాకపోతే అలా పరిగెడుతూ ఒంటిచేత్తో కాలిస్తే నిజంగా గోడకి తగలడమే గొప్ప.

నేను మొదట పేల్చింది ఎన్‌సీసీలో .22 రైఫిల్. తర్వాత సెలవుల్లో బస్సెక్కి విశాఖ వెళ్లి ఎయిర్ పిస్టల్ నేర్చుకున్నా. సొంతానికి ఉన్నదీ అదొక్కటే. .22 సెమీ ఆటోమేటిక్ మాత్రం రేంజ్‌లో, కోచ్ పక్కన నిలబడితేనే నా చేతికొచ్చింది.

‘సెమీ’ అంటే ఏంటని చాలామంది అడుగుతారు. ట్రిగ్గర్ ఒకసారి నొక్కితే ఒక్క తూటానే పేలుతుంది. కానీ ఖాళీ గుల్లని బయటికి విసిరేసి, కొత్త తూటాని గొట్టంలోకి తోసే పని పిస్టలే చేసుకుంటుంది. నొక్కి పట్టుకుంటే ఆగకుండా పేలేది ఫుల్ ఆటోమేటిక్, అది వేరే కథ.

ఆ పనికి శక్తి ఎక్కడిది? మన ఫస్టియర్ ఫిజిక్సే. .22 తూటా బరువు సుమారు 2.6 గ్రాములు, వేగం సెకనుకి 300 మీటర్లు అనుకోండి. వెనక్కి జరిగే స్లైడ్ 250 గ్రాములైతే, మొమెంటమ్ లెక్కన అది సెకనుకి మూడు మీటర్ల వేగంతో వెనక్కి వస్తుంది. గుల్ల ఎగిరిపోతుంది, స్ప్రింగ్ స్లైడ్‌ని మళ్లీ ముందుకి తోస్తుంది, వస్తూ వస్తూ అది మ్యాగజైన్‌లోంచి ఇంకో తూటాని లాక్కొస్తుంది. గేర్లు లేవు, మోటార్ లేదు. నాకైతే ఈ పిస్టల్‌లో అన్నిటికన్నా నచ్చింది ఇదే.

కష్టమంతా మనిషిదే. దెబ్బ వస్తుందని తెలిసిన చెయ్యి ముందే బిగుసుకుంటుంది. అందుకే కోచ్ మనకి చెప్పకుండా మ్యాగజైన్ మధ్యలో ఒక డమ్మీ తూటా పెడతారు. ఏమీ పేలదు, కానీ పిస్టల్ ముక్కు కిందికి వంగుతుంది! ఆ వంగడాన్ని పోగొట్టుకోడానికి నెలలు పడుతుంది. 25 మీటర్ల పిస్టల్ పోటీ రెండో భాగంలో గురి మూడు సెకన్లే కనిపిస్తుంది, ఏడు సెకన్లు మాయమౌతుంది. ఆ మూడు సెకన్లలో చెయ్యి ఎత్తి ఒక్క తూటా కాల్చాలి. 2023లో హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ ఇందులోనే వెండి పతకం, జట్టుతో బంగారం తెచ్చింది.

ఇక సొంతం చేసుకోవడం. లైసెన్సుకి 21 ఏళ్లు నిండాలి. 9 ఎం.ఎం. పౌరులకి నిషేధం, .32 కొనుక్కోవచ్చు. మొన్నామధ్య తెలిసినవాడొకడు ఫోన్ చేసి, ఎవరో నాటు పిస్టల్ చవగ్గా ఇస్తానంటున్నాడు, చూసిపెడతావా అన్నాడు. వద్దురా బాబూ అని అరగంట చెప్పాను. 2019 సవరణ తర్వాత లైసెన్సు లేని తుపాకీ దొరికితే కనీసం రెండేళ్లు, గరిష్ఠంగా ఐదేళ్లు జైలు. అది చట్టం సంగతి. లోహం సంగతి ఇంకా ఘోరం. .32 తూటా పేలినప్పుడు లోపల ఒత్తిడి సుమారు 140 మెగాపాస్కల్స్ దాకా వెళ్తుంది, కారు టైరులో ఉండేదానికి ఆరేడు వందల రెట్లు. కుళాయి గొట్టంతో చేసిన బ్యారెల్‌కి ఆ లెక్క ఎవరు వేశారు? అది పగిలితే పోయేది పట్టుకున్నవాడి వేళ్లు. వాడు ఇంకా ఊఁ అనలేదు, ఈ ఆదివారం ఇంటికెళ్లి మళ్లీ మాట్లాడాలి.

సరదా ఉన్నవాళ్లు ఎయిర్ పిస్టల్‌తో మొదలుపెట్టండి. 4.5 ఎం.ఎం. బోరు, 20 జౌళ్ల శక్తి దాటకపోతే లైసెన్సు అక్కర్లేదు. హాస్టల్‌కి మాత్రం తేకండి, చూసేవాళ్లకి అదీ నిజం పిస్టలూ ఒకటే. రూములో లీటరు నీళ్ల సీసాని చెయ్యి చాచి ముప్పై సెకన్లు కదలకుండా పట్టుకోండి, ఎయిర్ పిస్టల్ బరువు దాదాపు అంతే.