బ్లాక్స్‌తో కొండవీడు కోట కట్టేద్దామా?

1978లో లెగో కంపెనీ పసుపు రంగు కోట సెట్ తెచ్చింది. అది చదునైన నేల మీది యూరప్ కోట. మన పల్నాడు పిల్లలకు యడ్లపాడు మండలంలోనే కొండవీడు ఉంది! ఖరీదైన సెట్ అక్కర్లేదు, మామూలు బ్లాక్స్ చాలు.

ముందు కొండ పేర్చాలి. దాని అంచు వెంబడే గోడ వంకర్లు తిరగాలి. మేస్త్రీలా అతుకు మీద అతుకు రాకుండా పెడితే గోడ ఊడదు. పైన నీలం ముక్కలతో చెరువులు తప్పనిసరి. ముట్టడిలో కోటను నిలబెట్టేది నీళ్లే కదా! కింద ఊరు, పొలాలు, ఎడ్లబండి పెట్టండి.

రెడ్డిరాజుల ఈ రాజధానిని 1515లో శ్రీకృష్ణదేవరాయలు గెలిచారు. కుతుబ్‌షాహీల కాలంలో ఇదే ముర్తుజానగర్ అయింది. కట్టాక పిల్లల్ని అసలు కోటకు తీసుకెళ్లండి. ఏం తప్పు కట్టారో వాళ్లే చెబుతారు.