గురి కరెక్టే.. మరి బంతి పాకెట్‌లో ఎందుకు పడట్లేదు? పూల్‌లో ‘త్రో’ కథ ఇదీ

గురి సరిగ్గానే ఉంటుంది, క్యూ కూడా నిటారుగానే వెళ్తుంది. అయినా మెల్లగా కొట్టిన కట్ షాట్ పాకెట్ అంచుకి తగిలి బయటికొచ్చేస్తుంది. పూల్ కొత్తగా నేర్చుకునేవాళ్లు చాలామంది టేబుల్‌ని తిట్టుకుంటారు. లేదంటే బాగున్న గురినే మార్చేసుకుని మిగతా షాట్లూ పాడుచేసుకుంటారు. అసలు కారణం చాలాసార్లు ‘త్రో’.

త్రో అంటే ఏంటి?

తెల్ల బంతి రంగు బంతిని పక్కగా తాకినప్పుడు దాన్ని నెట్టడంతో పాటు క్షణకాలం రాసుకుంటూ పోతుంది. ఆ రాపిడికి రంగు బంతి దారి కాస్త మారుతుంది. కుడికి కట్ చేస్తే అనుకున్న దారికి కొంచెం ఎడమగా, ఎడమకి కట్ చేస్తే కొంచెం కుడిగా పోతుంది. అంటే కట్ తక్కువైనట్టే.

ఎంత తేడా వస్తుంది?

తెల్ల బంతి సగం మాత్రమే తగిలేలా, మెల్లగా, ముందుకీ వెనక్కీ తిరగకుండా జారుతూ వెళ్లి తాకితే (దీన్నే ‘స్టన్’ అంటారు) దాదాపు 5 డిగ్రీల తేడా రావచ్చు. అంటే అడుగు దూరానికి సుమారు 1 అంగుళం. పాకెట్ 3 అడుగుల దూరంలో ఉంటే 3 అంగుళాలు. కార్నర్ పాకెట్ నోరు సుమారు 4.5 అంగుళాలు, బంతి 2.25 అంగుళాలు. మధ్యకి గురిపెడితే అటూ ఇటూ మిగిలేది అంగుళం పైచిలుకే. ఇక బంతి పడేదెలా?

ఎప్పుడు ఎక్కువ, ఎప్పుడు తక్కువ?

స్టన్ షాట్ గట్టిగా కొడితే త్రో తగ్గుతుంది. తెల్ల బంతి ముందుకి దొర్లుతున్నా, వెనక్కి తిరుగుతున్నా తగ్గుతుంది. బంతులు మురికిగా ఉన్నా, తాకే చోట చాక్ అంటుకున్నా పెరుగుతుంది. అందుకే బంతులు తుడిచి ఆడటం మేలు.

మరి ఏం చేయాలి?

మెల్లటి స్టన్ షాట్ అయితే మామూలు కంటే కొంచెం పలచగా, అంటే రంగు బంతి అంచు వైపు గురిపెట్టాలి. కుడికి కట్ చేసేటప్పుడు తెల్ల బంతికి కొద్దిగా ఎడమ సైడ్ ఇచ్చినా త్రో తగ్గుతుంది. కానీ సైడ్ ఇస్తే తెల్ల బంతి దారే మారొచ్చు కాబట్టి కొత్తవాళ్లు తొందరపడొద్దు.

ఇంకో చిన్న పరీక్ష ఉంది. రెండు బంతుల్నీ గుర్తుపెట్టిన చోటే ఉంచి, ఒకే గురితో ఒకసారి మెల్లగా, ఒకసారి గట్టిగా స్టన్ కొట్టి చూడండి. రంగు బంతి రెండు వేర్వేరు చోట్లకి పోతే ఆ తేడా త్రోదే. ఇకపై గురితో పాటు వేగం కూడా ముందే ఖాయం చేసుకుని వంగండి.